నేను తారుమారు చేసిన రెండు చప్పుళ్లు

మొన్న కరీంనగర్‌లో ఒక ఇంజనీరింగ్ కాలేజీ వాళ్లు పిలిస్తే వెళ్లాను. వీడియో గేములు తయారుచేయాలని ఉబలాటపడే పిల్లలు హాలు నిండా కూర్చున్నారు. "మన బొగ్గు బావి మీద చేసిన ఆట ఎందుకు ఫెయిలైంది మేడం?" అని ఒక అమ్మాయి లేచి సూటిగా అడిగింది. నేను తడుముకోలేదు. పాత ఫోన్లలో ఆగిపోయేదన్నాను, మధ్యలో కథ సాగదీసినట్టుందన్నాను, పోస్టరు మీద కనిపించినంత ఆట లోపల లేదన్నాను. పిల్లలు శ్రద్ధగా రాసుకున్నారు. చప్పట్లు కొట్టి పూలగుత్తి ఇచ్చారు. ఇంటికి తిరిగి వచ్చే లక్సెట్టిపేట బస్సులో ఆ పూలగుత్తి ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. నేను చెప్పినవన్నీ నిజాలే. నా వంతు నిజం మాత్రం దాచుకుని వచ్చాను.

ఆ పిల్లలకు చెప్పనిది ఇక్కడ చెబుతాను. కాస్త ఓపిక పట్టండి, నాకు సిగ్గుపడుతూ రాయడం అలవాటు లేదు.

నేను చప్పుళ్ల మనిషిని. ఆదిలాబాద్‌లో రేడియో నాటకాలకు కొబ్బరి చిప్పలతో గుర్రాలను పరుగెత్తించడం దగ్గర మొదలుపెట్టాను. తర్వాత హైదరాబాద్ డబ్బింగ్ థియేటర్లలో, కార్టూన్ల దగ్గర సగం జీవితం గడిచింది. చివరి నాలుగేళ్లు కరీంనగర్‌లోని ఓ చిన్న ఆటల కంపెనీలో సౌండ్ విభాగం చూశాను. విభాగం అంటే ఏమీ లేదు, నేనూ, ఒక కంప్యూటరూ, గోడలకు కోడిగుడ్ల అట్టలు అతికించిన ఒక గదీ. మా యజమాని మెట్‌పల్లి పసుపు రైతు కొడుకు. వాళ్ల అమ్మ కంటే నేను పెద్దదాన్నయినా నన్ను అక్కా అనేవాడు. మనిషి మంచివాడు. ఆ మాట ముందే చెప్పి ఉంచుతున్నాను, ఎందుకంటే ఇందులో తప్పు అతని మీదికి తోసేయడం నాకు చాలా సులువు.

మా ఆట ఒక సాహసకథ. పాతకాలపు బొగ్గు బావిలో కొందరు కార్మికులు చిక్కుకుంటారు, ఒక్క మనిషి వాళ్లను వెతుక్కుంటూ లోపలికి పోతాడు. అతని దగ్గర తుపాకీ, కత్తి లాంటివేమీ ఉండవు. చేతిలో ఒక కర్ర ఉంటుంది. దానితో పైకప్పు తట్టి, చప్పుడు విని, ముందుకు పోవాలో వెనక్కి రావాలో ఆడేవాళ్లే తేల్చుకోవాలి. ఇలాంటి ఆట ఎక్కడా రాలేదని అందరూ అన్నారు. పేపర్లలో రాశారు. కరీంనగర్ బస్టాండులో నిలువెత్తు పోస్టరు పడింది. దాని ముందు నిలబడి నేను కూడా ఫోటో దిగాను, ఆ ఫోటో ఇప్పుడు బీరువాలో చీరల కింద ఉంది.

అసలు ఆ కర్ర సంగతి మాకు చెప్పింది బెల్లంపల్లిలో ఉండే ఒక రిటైర్డ్ సర్దార్. బావిలో పనివాళ్ల కంటే ముందు లోపలికి వెళ్లి, పైకప్పు తట్టి చూసి, పని చేసుకోవచ్చని చెప్పే ఉద్యోగిని సర్దార్ అంటారు. డెబ్బై ఆరేళ్ల మనిషి. నేను ఆయనను కాకా అని పిలిచేదాన్ని. మొదటిసారి వాళ్లింటికి వెళ్లేసరికి తెలిసిందేమిటంటే ఆయనకు ఎడమ చెవి పూర్తిగా పోయింది, కుడి చెవిలో ఏ కాస్తో మిగిలింది. చప్పుళ్లు నేర్చుకోవడానికి ఇంత దూరం వచ్చి చెవిటాయన ముందు కూర్చున్నానా అనుకున్నాను. నా మొహం చూసి వాళ్లావిడ నవ్వింది.

"పరేషాన్ గాకు బిడ్డా. నేను పిలిస్తె ఇనరాదు గని, రాయి పిలిస్తె ఈయనకు మంచిగ ఇనొస్తది."

"ఏమంటున్నది?" అని ఆయన నన్నడిగారు.

"మీరు మంచోళ్లు అంటున్నది కాకా!" అని అరిచాను.

"గామె గట్లనదు" అన్నారాయన.

బావిలో గ్యాసు భయం ఉంటుంది కాబట్టి బ్యాటరీతో నడిచే నా సరంజామాను లోపలికి రానివ్వరు. అందుకని ఆయన నన్ను ఊరి బయట పారే ఒక ఒర్రె పక్కకు తీసుకెళ్లారు. అక్కడ ఇసుకరాతి బండ ఒకటి చూరులాగా ముందుకు పొడుచుకు వచ్చి ఉంది. బొగ్గు మీద ఉండేది కూడా ఇలాంటి బండేనట. ఆయన ఎడమ అరచేతిని బండకు ఆనించి, ఇత్తడి పొన్ను వేసిన కర్రతో పైకి తట్టారు. ఖంగుమంది. నాలుగడుగులు జరిగి మళ్లీ తట్టారు. ఈసారి ఖాళీ గాబు మీద కొట్టినట్టు బోలుగా, లోపలెక్కడో సందు ఉన్నట్టు పలికింది.

"ఇన్నవా? ఖంగుమంటె బండ మొత్తం ఒక్కటే ఉన్నట్టు. దాని కింద నిలవడు, పని జేసుకో. గుల్ల వల్కితె మీద పొర ఇడిసినట్టు. ఎన్కకు రా. ఎవ్వడు పిలిచినా ముంగటికి వోకు."

"మరి చెయ్యెందుకు ఆనిచ్చిండ్రు కాకా?"

"చెవు మోసం జేస్తది బిడ్డా. మిషిన్ల లొల్లిల ఏం ఇనొస్తది? గుల్ల బండ చెయ్యి కింద వణుకుతది. గిప్పుడైతె నాకు చెయ్యే చెవు."

నా చెయ్యి పట్టుకుని బండకు ఆనించి తట్టి చూపించారు. నిజమే, గుల్లగా ఉన్న చోట అరచేతికి సన్నగా వణుకు తగిలింది. ముప్పై ఏళ్లు మైకుల వెనక కూర్చున్నదాన్ని, చప్పుడును చేత్తో వినొచ్చని ఆ రోజే తెలిసింది. పొద్దంతా తట్టించుకుని రికార్డు చేసుకున్నాను.

పని అయ్యాక బండ నీడలో కూర్చున్నాం. వాళ్లావిడ కట్టిచ్చిన సర్వపిండి తింటూ ఆయన ఉన్నట్టుండి మొదలుపెట్టారు.

"నా జోడీదారు ఒకడుండె. ఓ దినం నేను రూఫ్ తట్టిన. గుల్ల వల్కింది. అవుతల ఆఫీసర్లు బొగ్గు బొగ్గని ఒత్తుతుండ్రు. ఇన్నది ఇననట్టు జేసిన. నడువు అన్న. వోయిండు. మల్ల రాలే."

రికార్డర్ ఇంకా నడుస్తోంది. ఆపబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టారు.

"ఆపకు. దాసుకునేది గాదు, కాలనీల అందరికి ఎర్కే. ఎంక్వైరీల జెప్పలే, బుగులు వట్టింది. రిటైరైనంక ఆయన భార్య ఇంటికి వోయి, ఆమె ముంగట నిలవడి జెప్పిన. నాకు ఎర్కుండే జేసిన అమ్మా అన్న. ఆమె ఏమనలే. నీళ్లిచ్చింది. తాగి వచ్చిన. గిది గూడ ఎక్కించుకో."

ఆయన చేతులు దులుపుకుని లేచారు.

"గందుకే నీకు నేర్పుతున్న. మిగిలిన కత మీ ఇష్టమొచ్చినట్టు చేసుకోర్రి. గీ ఒక్కటి తప్పు వెట్టకు బిడ్డా."

"పెట్టను కాకా" అన్నాను. అంత తేలిగ్గా నా ఉద్యోగంలో ఇంకెవరికీ మాట ఇవ్వలేదు.

కంప్యూటరులో ఆ రెండు చప్పుళ్లకూ ఆయన పెట్టిన పేర్లే పెట్టాను. ఒక ఫైలు ఖంగు, ఇంకొకటి గుల్ల. ఆటలో మనిషి పైకప్పు తట్టగానే ఏదో ఒకటి వినపడుతుంది. అతను నిలబడి చూస్తే టోపీ మీది దీపం ఆకుపచ్చగానో ఎర్రగానో వెలుగుతుంది. ఆకుపచ్చ అయితే క్షేమం, ఎరుపు అయితే కప్పు కూలుతుంది. పని నెలల తరబడి సాగింది. బెల్లంపల్లి నుంచి రిటైరైనవాళ్లు ఎవరో ఒకరు ఫోను చేసి, ఆట ఎప్పుడొస్తుంది, మా మనవరాలి ఫోనులో పడుతుందా అని అడిగేవాళ్లు. జీవితంలో వీడియో గేము మొహం చూడని మనుషులు మా ఆట కోసం కళ్లలో వత్తులు వేసుకుని ఎదురుచూశారు.

విడుదలకు ముందు, ఆటను అమ్మిపెట్టే బెంగళూరు కంపెనీ వాళ్లు కొందరు కుర్రకారు చేత ఆడించి చూశారు. ఆ వీడియోలు మాకు పంపారు. ఖంగుమనగానే అందరూ పారిపోతున్నారు. ఆటల్లో లోహం మోగినట్టు మోగితే ప్రమాదమని వాళ్లకు చిన్నప్పటి నుంచీ అలవాటు. గుల్ల చప్పుడు చెవికి మెత్తగా ఉంది కాబట్టి హాయిగా దాని కింద నిలబడుతున్నారు, కప్పు కూలి మీద పడుతోంది, చిరాకుపడి ఆట మూసేస్తున్నారు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక యజమాని నా గదిలోకి వచ్చి తలుపు దగ్గరే నిలబడ్డాడు.

"అక్కా, ఉల్టా చెయ్యుమంటున్నరు. ఖంగుమంటె డేంజర్, గుల్ల అయితె సేఫ్."

"అది తప్పు తమ్ముడూ. ముందట ఒక చిన్న పాఠం పెడుదాం. చప్పుడు ఎట్ల వినాలో నేర్పుదాం."

"దానికి ఇంకో రెండు నెలలు పడుతది. డేట్ ఇచ్చేసినం. నాకు గూడ మనసొప్తలేదు అక్కా. గని ఆడెటోళ్లకు బాయి ఎర్కనా?"

పాఠం పెడదామన్న మాట నేను ఆ ఒక్కసారే అన్నాను. రెండోసారి అనాల్సింది, కాదంటే కుర్చీలోంచి లేవాల్సింది. దానికి బదులు నేను అడిగిందేమిటో తెలుసా?

"మరి కాకకు ఏం చెప్తం?"

"ఆయనకు ఇనరాదు గదక్కా" అన్నాడు. అని తలొంచుకున్నాడు.

అతన్ని ఏమని తిట్టను? అదే మాట నాకు అంతకు ముందే తట్టింది. వినపడని మనిషికి ఏం తెలుస్తుందిలే అని లోలోపల సాకు వెతుక్కున్నాక, పైకి బాధపడుతున్నట్టు ఆ ప్రశ్న వేశాను.

పని ఎంతసేపు పట్టిందో చెబితే నవ్వుతారు. ఒకే చోట రెండు ఫైళ్లకు ఒకే పేరు ఉండకూడదు కాబట్టి ఖంగును ముందు ఏదో ఒక ఉత్తుత్తి పేరుతో పక్కన పెట్టాను. గుల్లకు ఖంగు అని పేరు మార్చాను. పక్కన పెట్టినదానికి గుల్ల అని పేరు పెట్టాను. అంతే. టేబుల్ మీద టీ ఇంకా వేడిగానే ఉంది, తాగాను కూడా. పొద్దంతా బండ కింద నిలబడి ఆయన నేర్పింది, మూడు పేర్లు కొట్టి తిరగేశాను. ఆ తర్వాత ఎవరూ నా గదికి రాకపోతే బాగుండునని సాయంత్రం దాకా తలుపు వేసుకుని కూర్చున్నాను.

విడుదల వేడుక బెల్లంపల్లిలోనే, కాలనీ కమ్యూనిటీ హాలులో పెట్టారు. రిటైరైన కార్మికులు కుటుంబాలతో వచ్చారు. కాక మొదటి వరుసలో తెల్ల లాల్చీ వేసుకుని, పొన్నుకర్ర పక్కన పెట్టుకుని కూర్చున్నారు. నన్ను చూసి చెయ్యి ఊపారు. నేను వైర్లు సర్దుతున్నట్టు నటించాను.

వేదిక మీద ఒక కాలేజీ అమ్మాయి ఆట ఆడుతోంది. వెనక పెద్ద తెర, పక్కన నడుమెత్తు స్పీకరు పెట్టెలు. మనిషి కర్రతో తట్టాడు, ఖంగుమంది, టోపీ దీపం ఎర్రబడింది, వెనక్కి పరుగు. వెనక వరుసల్లో గుసగుస మొదలైంది.

"గదేంది, మంచి రూఫ్ కింద కెల్లి ఉరుకుతుండు?"

"ఆట గదనే, ఊకో."

కాకకు ఇవేమీ వినపడలేదు. కాసేపు తెరవంక కళ్లు చికిలించి చూశారు. తర్వాత నెమ్మదిగా లేచి, ఎవరినీ అడగకుండా స్పీకరు పెట్టె దగ్గరికి నడిచారు. దగ్గరగా ఉంటే వినపడుతుందని వెళ్లారు కాబోలనుకుని ఎవరో కుర్చీ తెచ్చి వేయబోయారు. ఆయన కూర్చోలేదు. కర్ర చంకలో పెట్టుకుని, ఎడమ అరచేతిని పెట్టె మీద ఆనించారు. బండకు ఆనించినట్టే.

తెర మీద మనిషి తట్టాడు. గుల్ల చప్పుడు. ఆ పెట్టె దగ్గర నేను సాయంత్రమంతా పని చేశాను, ఆ చప్పుడుకు అది ఎలా వణుకుతుందో నాకు తెలుసు. దీపం ఆకుపచ్చగా వెలిగింది. మనిషి ఆ కప్పు కింద నిశ్చింతగా నిలబడ్డాడు. కాక తెర వంక చూశారు, చేతి వంక చూసుకున్నారు. ఇంకోసారి తట్టేదాకా ఆగారు. మళ్లీ వణుకు, మళ్లీ ఆకుపచ్చ. ఆయన చెయ్యి తీసేసి వచ్చి తన కుర్చీలో కూర్చున్నారు.

తర్వాత సన్మానం. శాలువా నా చేత కప్పించాలని యజమాని ముందే అనుకున్నాడు. మైకులో నా పేరు పిలిచారు. వెళ్లి కప్పాను. అందరూ చప్పట్లు కొడుతుంటే ఆయన నా వైపు వంగారు. చెవిటివాళ్లకు మెల్లగా మాట్లాడటం రాదు, చప్పట్లే నన్ను కాపాడాయి.

"బిడ్డా, ఉల్టా వెట్టినవ్."

నేను శాలువా అంచులు సర్దాను.

"ఎర్క లేక వెట్టినవా, ఎర్కుండే వెట్టినవా?"

ఆ ప్రశ్న ఆయన నన్ను పట్టుకోవడానికి అడగలేదు. జవాబు కోసమే అడిగారు. జీవితంలో ఒకే ఒక్క తేడా ముఖ్యమని తెలిసిన మనిషి అడిగే తీరులో అడిగారు. నేను ఆయన కుడి చెవి దగ్గరికి నోరు పెట్టి, స్పష్టంగా వినపడేలా అబద్ధం చెప్పాను.

"తెల్వకయింది కాకా. ఫైళ్లు కలిసిపోయినయ్."

ఆయన మొహం తేటపడింది. అది చూడటం తిట్టు తినడం కంటే కష్టమైంది.

"తెల్వకయితె మంచిదే బిడ్డా. ఫికర్ జేయకు. మనుషులన్నంక అయితయ్. ఎర్కుండి జేస్తెనే..." అని ఆగిపోయారు. నా భుజం తట్టారు. అంతటితో వదల్లేదు. పక్కనే ఉన్న మా యజమాని చెయ్యి పట్టుకుని, "గీ పిల్లను ఏమనకుర్రి, తెల్వక జేసింది. జర సుదరాయించి సరిజేసుకోర్రి" అని నా తరఫున బతిమాలారు. యజమాని నా వైపు చూశాడు. ఇద్దరం చెరో దిక్కు మొహాలు తిప్పుకున్నాం. ఆ తర్వాత మైకు నాకిచ్చారు. అప్పుడైనా చెప్పొచ్చు. కార్మికుల అనుభవాన్ని కొత్త తరానికి అందిస్తున్నామని నాలుగు మంచి మాటలు మాట్లాడి దిగిపోయాను.

ఆట విడుదలైంది, మునిగింది. ఎదురుచూసినవాళ్లు రెండో అంకం దాటలేదు. పోస్టరు చూసి ఏదో అనుకున్నాం, ఇదేమిటిది అన్నారు. చాలామంది రాసిన మాట ఒకటి ఉంది: తట్టడం, నడవడం, తట్టడం, నడవడం, విసుగు. చప్పుళ్లు సరిగా ఉంచి ఉంటే గెలిచేదా? గెలిచేది కాదేమో. ఏ చప్పుడు కోసం మాట తప్పానో ఆ చప్పుడును జనం పట్టించుకోనే లేదు. పట్టించుకున్నవాడు ఒక్కడే, ఎవరో పాత కార్మికుడు, కామెంట్లలో తెలుగులో రాశాడు: "రూఫ్ ఉల్టా ఉన్నది. గిది ఇని నిలవడితె సస్తరు." దానికి మా తరఫున ఎవరమూ జవాబు రాయలేదు.

సరిచేసి మళ్లీ పంపుదామని యజమానిని అడిగాను. చేద్దాం అక్కా అన్నాడు. ఈలోగా మనుషులు వెళ్లిపోయారు, ఆఫీసు ఖాళీ అయింది, ఆటను మార్చే తాళాలు బెంగళూరు వాళ్ల దగ్గరే ఉండిపోయాయి. ఇప్పుడతను పిల్లల చదువు యాప్‌లకు బొమ్మలు గీయిస్తున్నాడు. నేను రిటైరై లక్సెట్టిపేట చేరాను. అక్కణ్నుంచి బెల్లంపల్లి పెద్ద దూరమేమీ కాదు. మూడేళ్లలో ఒక్కసారి కూడా వెళ్లలేదు. పండక్కి వాళ్లావిడ ఫోను చేస్తే మోకాళ్ల నొప్పులని చెబుతాను. కిందటిసారి ఆమె నవ్వుతూ ఒక సంగతి చెప్పింది. కాలనీలో ఎవరైనా మా ఆటను ఎగతాళి చేస్తే కాక కర్ర నేలకేసి కొట్టి మరీ తగువు పెట్టుకుంటారట. "గా పిల్లకు ఎర్క లేక అయింది, ఎర్కుంటె చేసేది గాదు" అంటారట.

చప్పుళ్ల పనిలోకి వచ్చే పిల్లల్లారా, మీకు నీతులు చెప్పే మొహం నాకు లేదు. ఒక్క సవరణ మాత్రం చేసి పోతాను. ఆ ఆట ఇంకా ఎవరి ఫోనులోనైనా ఉంటే, అది నేర్పింది మరిచిపోండి. ఖంగుమంటే నిలబడండి. గుల్లగా పలికితే వెనక్కి రండి. ఎవరు పిలిచినా ముందుకు పోకండి.

ఇంకొక్క మాట, అది మీకు కాదు. కాకకు వినపడదు కానీ చదువుతారు. భూతద్దం పెట్టుకుని, అచ్చయిన కాగితం ఏది దొరికినా అక్షరం వదలరు. ఇది అచ్చయ్యాక వాళ్లింటికి నేనే తీసుకెళ్లి ఆయన చేతికిస్తాను. చదవడం అయ్యేదాకా గడపలోనే నిలబడతాను. నీళ్లిస్తే తాగుతాను, ఇవ్వకపోతే వచ్చేస్తాను.

కాకా, ఎర్కుండే వెట్టిన.